కొట్టేసిన మాట

గ్రైండరు రాయి కడుగుతుండగా ఫోను మోగింది. చారులత చేతుల నిండా మినప్పిండి. మోచేత్తో కొళాయి కట్టేసి ఫోను వైపు తిరిగేలోపే హాల్లోంచి వేదవల్లి అత్త గొంతు మురిపెంగా వినిపించింది.

"సిన్నమనూరు నుంచేనా కణ్ణూ? స్పీకర్లో పెట్టు. నేనూ మాట్లాడల్ల."

పెట్టింది. కారమడైలోని ఈ ఇంట్లో పుట్టింటి ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే. దాచుకోవడానికి ఏముంది గనక? అత్త బయటి మనిషి కాదు, చారులత నాన్నకు తోడబుట్టిన చెల్లెలు. చారులత పుట్టిల్లే ఆవిడకూ పుట్టిల్లు. ఆవిడ కొడుకు, ఇప్పుడు తన భర్త అయిన నరేన్‌ను చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పటి నుంచీ బావా అనే పిలిచేది, ఇప్పుడూ అదే పిలుపు.

"అందరూ బాగుండారా లతా?" అమ్మ గొంతు.

"బాగుండాం మా."

"నువ్వు?"

"నాకేం. బాగుండా."

ఆమె వాటా అంతే. తర్వాత ఫోను అత్తది. ద్రాక్షతోటకు పట్టిన తెగులు, కొబ్బరికాయల దింపు, మాశి నెలలో రంగనాథుడి తేరుకు చిన్నమనూరు నుంచి ఎవరెవరు వస్తారు అనే లెక్కలు సాగుతుంటే చారులత మళ్లీ గ్రైండరు దగ్గరికి పోయింది. చిన్నాయన గోపాలసామి ఫోను అందుకుని గొంతు సవరించుకున్నప్పుడు మాత్రం ఆమె చేతులు ఆగాయి. ఆయన గొంతు సవరించుకున్నాడంటే ఏదో పెద్ద విషయమే.

"అక్కా, మీ సిన్నోడు మదన్‌కు మా ప్రియాను అడిగితివి గదా. మాకు రొంబ సంతోసం. బయట యాడనో ఎదికేదానికంటే నీ ఇల్లు మేలు. అయినా ఒక మాట. లత ఆ ఇంట్లో ఉండే పిల్ల. అది ఏం సెప్తాదో అదే నాకు కడైసి మాట, దానిమీద ఇంకో మాట లేదు. ఆదివారం పిలుస్తా. నిదానంగా సెప్పనీ."

అత్త నవ్వింది. "అదేం సెప్తాది గోపాలూ? నా ఇంట్లో రాణి మాదిరి ఉండాది. అడుగు, కండిప్పా అడుగు."

ఆ రాణి గ్రైండరు రాయి ఎత్తి గట్టుమీద బోర్లించింది. ఎత్తినప్పుడల్లా కుడి మణికట్టు పట్టేస్తోంది ఈ మధ్య. అత్తకు చెబితే వేడినీళ్లు పోసుకోమంది.

మేనరికం అంటే చిన్నమనూరులో అందరికీ ఒక భరోసా. పిల్లను తెలియని కొంపలో పడేయలేదు, నా చెల్లెలి చేతికే ఇచ్చాను అని నాన్న పోయేదాకా చెప్పుకునేవాడు. ఆ భరోసా ఎవరికి అని చారులత చాలాసార్లు ఆలోచించింది. పక్కింటి కోడలు లోకేశ్వరి అవినాశి ఊరి పిల్ల, బయటి సంబంధం. వాళ్ల అత్త ఆమెతో ఆచితూచి మాట్లాడుతుంది. అప్పుడప్పుడూ లోకేశ్వరి నాన్న పళ్లసంచీతో దిగుతాడు, కూతురి ముఖం చూస్తాడు, చేతులు చూస్తాడు, చిక్కిపోయావేమమ్మా అని అందరూ వినేలా అడుగుతాడు. చారులత చేతులు చూడడానికి ఎవరు వస్తారు? అమ్మ వచ్చినా ఆడపడుచు ఇంటికి వచ్చినట్టే వస్తుంది, ఆ మర్యాదలన్నీ అత్తకూ అమ్మకూ మధ్యనే జరిగిపోతాయి. "కోడలా అది? నా అన్న కూతురు, నాకూ కూతురే" అంటుంది అత్త, ఇంటికి వచ్చినవాళ్లందరితో. కూతురే గనక పనిమనిషి అక్కర్లేదు. కూతురే గనక బాగా చేశావని చెప్పనూ అక్కర్లేదు. ఇంటి వెనక మోటార్లకు రాగితీగ చుట్టే పట్టరై, అంటే చిన్న కార్ఖానా, ఉంది, నరేన్, అతని తమ్ముడు మదన్ కలిసి నడుపుతారు. అక్కడ పనిచేసేవాళ్లకు మధ్యాహ్నం భోజనం ఈ వంటింట్లోంచే పోతుంది. పెళ్లయిన కొత్తలో నరేన్ అన్నాడు, "పాపం, హోటల్ సాప్పాడు తింటే వాళ్ల కడుపులు పాడైపోతాయి" అని. ఎంత దయగల మనిషి అని మురిసిపోయింది కూడా. దయ ఆయనది, వంట తనది అని తెలియడానికి ఒక వారం పట్టింది. ఒకసారి జ్వరంతో లేవలేక ఈ ఒక్కపూటా బయటి నుంచి తెప్పిద్దామంటే అత్త కోప్పడలేదు, బాధపడింది. "మా అన్న బిడ్డ నోట్లో ఇట్టాంటి మాట వస్తాదని నేను అనుకోలే." కోపానికైతే ఏదో ఒక జవాబు చెప్పొచ్చు. ఆ బాధకు ఏం చెప్పాలో తెలియక లేచి బియ్యం కడిగింది.

పెళ్లినాటికి ఆమెకు కోయంబత్తూరులో బి.ఎడ్. సీటు వచ్చి ఉంది. "ఇక్కణ్ణుంచే పోయి సదువుకోనీ, వాకిట్లోనే గదా బస్సు" అని అత్తే అంది, అందరి ముందూ, స్పీకర్లోనే. మొదటి ఏడు మామకు ఒంట్లో బాగలేదు. తర్వాతి ఏడు తను కడుపుతో ఉంది, కూతురు పుట్టింది. ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. బస్సు మాత్రం ఇప్పటికీ వాకిట్లోనే ఆగుతుంది.

పట్టరై వాళ్ల కంచాలు తోమడం అయ్యాక, అత్త కునుకు తీసే వేళ, చారులత తన బల్ల దగ్గర కూర్చుంటుంది. బల్ల అంటే పాత కుట్టుమిషను బల్ల, దానిమీద లాప్‌టాప్. కోయంబత్తూరులోని ఒక కంపెనీ పాత చేతిరాతల ఫొటోలు పంపుతుంది, వాటిని ఉన్నదున్నట్టు టైపు చేసి తిరిగి పంపాలి. ఇన్నాళ్లూ ఎస్టేటు రికార్డులు, చర్చి రిజిస్టర్లు వచ్చేవి. ఈసారి వచ్చినవి ఇంగ్లండులోని ఏదో గ్రంథాలయానివి: రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఒక యూదు పిల్ల తన చెల్లెలికి రాసిన ఉత్తరాలు. నరేన్ ఒకసారి వెనక నిలబడి చూశాడు. "సచ్చినోళ్ల జాబులు సదివి ఏం సాధిస్తావు? పొద్దుపోకపోతే సీరియల్ సూడు, అమ్మకు తోడన్నా ఉంటాది" అని కాఫీ గ్లాసు బల్లమీదే పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పిల్ల పేరు గిజెలా. పద్దెనిమిది నిండి ఉంటాయేమో. నాజీల శిబిరాల్లో అమ్మ, నాన్న, తమ్ముళ్లు అందరూ పోయారు. గిజెలా, చెల్లెలు ఇల్కా ఇద్దరే మిగిలారు. ఇంగ్లండులో, కోయంబత్తూరులాగే మిల్లులున్న ఒక ఊళ్లో వాళ్ల మేనత్త ఉంది. ఆవిడ గిజెలాను తన ఇంటికి తీసుకుంది. ఇల్కాకు చోటు లేదంది. ఇల్కాను ఎక్కడో పల్లెలో, అలాంటి పిల్లలందరినీ ఉంచిన హాస్టల్లో పెట్టారు. అక్కచెల్లెళ్లిద్దరూ ఇంటి భాష వదిలి వచ్చీరాని ఇంగ్లీషులో ఎందుకు రాసుకుంటున్నారో చారులతకు మొదట అర్థం కాలేదు. మూడో ఉత్తరంలో తెలిసింది. ఇంగ్లీషులోనే రాయమంది అత్త; పోస్టు చేసేముందు ప్రతి ఉత్తరమూ తనే చదువుతుంది, తప్పులుంటే పెన్సిలుతో దిద్దుతుంది. అత్తకు నా మీద ఎంత శ్రద్ధో చూడు అని రాసింది గిజెలా. చారులత ఆ వాక్యం టైపు చేసి, ఇంకోసారి చదువుకుంది. ఆ ఇంట్లోనూ స్పీకరే.

మొదటి ఉత్తరాల్లో గిజెలా ఇంగ్లీషు తప్పులతడక. కానీ ఆ తప్పుల మధ్యలోంచి మనిషి కనిపిస్తుంది. వేడి రొట్టె వాసనకు ఏడుపొచ్చిందని రాసింది. రైలు కూత విని బల్ల కిందకు దూరితే అత్త పిల్లలు నవ్వారని రాసింది. నెలలు గడిచేకొద్దీ భాష బాగుపడింది, మనిషి తగ్గిపోతూ వచ్చింది. అత్త చాలా మంచిది. నేను బాగున్నాను. నా గది వెచ్చగా ఉంటుంది, వంటింటిని ఆనుకుని ఉంది కదా. సాయంకాలం క్లాసులు మానేశాను, అత్త పాపకు పళ్లు వస్తున్నాయి, ఒక రకంగా ఇదే మంచిదైంది. మామయ్య కొట్టుకు చొక్కాల గుండీలు కుట్టడం నేర్చుకున్నాను, పొద్దుపోతోంది. ఈ వాక్యాలు అర్థం చేసుకోవడానికి చారులతకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒక రకంగా ఇదే మంచిదైంది అని మనిషి ఎప్పుడంటుందో ఆమెకు బాగా తెలుసు.

అలా అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది. ఆ పిల్ల చూసిన చావు ఏమిటి, తన బతుకు ఏమిటి? తనకు తిండికి లోటు లేదు, తనను కొట్టేవాళ్లు లేరు, ఊరంతా అదృష్టవంతురాలంటుంది. దేనితో దేన్ని పోల్చుకుంటున్నానని తనను తాను తిట్టుకుంది. అయినా అంత నరకం దాటి వచ్చిన పిల్ల కూడా, ఒక ఇంట్లో, సొంత అత్త ఇంట్లో, ఇట్లా నవ్వుతూ రాయవలసి వచ్చిందే అని అనుకోకుండా ఉండలేకపోయింది.

బుధవారం ప్రియ మెసేజ్ పెట్టింది. ప్రియ అంటే చిన్నాయన కూతురు లక్ష్మిప్రియ. ఆ ఇంటి పిల్లలకు తెలుగు నోట్లోనే ఉంది, రాత రాదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొడతారు.

"అక్కా, నాకు మదురైలో ఎం.ఎస్సీ. సీటు వచ్చిండాది. కల్యాణం అయినాక కోయంబత్తూరులో సదువుకోవచ్చు అని అత్త అంటా ఉండాది. నాయనకు నీ మీదే నమ్మకం. నువ్వు బాగుండావు గదా అక్కా? నువ్వు ఊ అంటే నేనూ ఊ అంటా."

చారులత "ఒద్దు" అని కొట్టింది. చెరిపేసింది. "రావద్దు" అని కొట్టింది. అదీ చెరిపేసింది. సాయంత్రమైతే ఈ ఫోను కూతురి చేతిలో ఉంటుంది, కూతురి చేతిలోంచి నరేన్ చేతికి పోతుంది. అది ఒక భయం. కానీ అసలు సంగతి అది కాదు. గుట్టుగా చెబితే ప్రియ ఏం చేస్తుంది? అందరి ముందూ ఆ పిల్లే వద్దనాలి. ఎందుకు వద్దంటే ఏం చెప్పాలి? లతక్క అంత బాగుందని అందరూ అంటుంటే, నీకేం కొమ్ములొచ్చాయా అని ఆ పిల్ల నోరు మూయించరూ? చివరికి "ఆదివారం మాట్లాడతా" అని పంపి, మజ్జిగ చిలకడానికి లేచింది.

శుక్రవారం మధ్యాహ్నం గిజెలా రాసిన చివరి పెద్ద ఉత్తరం తెరిచింది. ఇల్కా హాస్టల్లో మిస్ హార్పర్ అని ఒక టీచరుంది. ఆమె వేరే ఊరికి వెళ్లిపోతోంది, ఇల్కాను వెంట తీసుకెళ్లి చదివిస్తానంటోంది. సరిగ్గా ఇప్పుడే మేనత్తకు ఇంట్లో చోటు దొరికింది. కొట్టు పెద్దదైంది, ఇంకో బిడ్డ పుట్టింది, చోటు దొరికింది. సొంతవాళ్లం ఉండగా పరాయివాళ్ల పంచన ఎందుకని ఆవిడ అడుగుతోంది. ఇల్కా ఏమీ తేల్చుకోలేక, నువ్వెలా చెబితే అలా చేస్తానని అక్కకు రాసినట్టుంది. గిజెలా జవాబు ఇది: మిస్ హార్పర్ మళ్లీ అడిగితే, అని మొదలుపెట్టి, తర్వాతి మాట కొట్టేసి, నువ్వే బాగా ఆలోచించుకో, అత్త చాలా మంచిది, నేను బాగున్నాను.

ఈ పనిలో ఒక నియమం ఉంది. కొట్టేసిన మాటనూ వదలకూడదు. ఎంత గట్టిగా గీకేసినా సరే, ఫొటో పెద్దది చేసి, అక్షరం వెతికి పట్టుకుని, ఇది కొట్టేసిన మాట అని గుర్తు పెట్టి టైపు చెయ్యాలి. చారులత ఫొటో పెద్దది చేసింది. అత్త దిద్దుబాట్లు పెన్సిలువి, సన్నగా, మర్యాదగా పక్కన ఉంటాయి. ఇది పెన్సిలు కాదు. ఉత్తరం రాసిన సిరాయే, గిజెలా కలమే, కాగితం చిరిగేంతగా మళ్లీ మళ్లీ గీకింది. గీతల కింద తోక ఒకటి కనిపించింది, దాని పక్కన ఒక సున్న. ఇంగ్లీషులో రెండే రెండు అక్షరాలు.

వెళ్లు.

మిస్ హార్పర్ మళ్లీ అడిగితే, వెళ్లు.

దాని తర్వాత ఒక పోస్టుకార్డు మిగిలింది. గురువారం స్టేషనులో నీకోసం నిలబడి ఉంటాను, నీ మంచం నా గదిలోనే వేశారు. అంతే. ఆపైన ఉత్తరాలు లేవు. ఒకే గదిలో పడుకునేవాళ్లకు ఉత్తరాలెందుకు? పని పూర్తిచేసి పంపితే కంపెనీలో ఆమె పని చూసే సరణ్య వెంటనే జవాబు పెట్టింది. "రొంబ థాంక్స్ మేడమ్. కడసారికి అక్కాచెల్లెళ్లు కలిసిపోయినారు, సదివి కన్నీళ్లొచ్చె." పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ.

చారులతకు గిజెలా మీద ఒళ్లు మండింది. రాసిన మాట ఎందుకు కొట్టేశావు? ఎంతసేపు పట్టేది ఆ ఒక్క మాట ఉంచడానికి? అత్త చూస్తుందనా? తిడితే తిట్టేది, అంతకంటే ఘోరాలు చూసినదానివి కదా నువ్వు? సాయంత్రం కొబ్బరి తురుముతూ కూడా అదే కోపం. తురుము పళ్లెం నిండుతుండగా తోచింది, ఇది భయంతో కొట్టేసిన మాట కాదేమోనని. ఆ వంటింటి పక్క గదిలో ఆ పిల్లకు తోడు కావాలనిపించి ఉంటుంది. తన భాషలో మాట్లాడే మనిషి, రాత్రిళ్లు ఉలిక్కిపడితే చెయ్యి పట్టుకునే మనిషి. వెళ్లు అని రాసిన మరుక్షణం చెల్లెలు నిజంగా వెళ్లిపోతుందని గుర్తొచ్చి ఉంటుంది.

ఎందుకంటే సోమవారం ఆ ఫోను వచ్చినప్పటి నుంచీ తనూ అదే పని చేస్తోంది. పైకి ప్రియ కోసం భయపడుతూనే, లోపల ప్రియను ఈ వంటింట్లో నిలబెట్టి చూసుకుంటోంది. గ్రైండరు రాయి ప్రియ ఎత్తుతుంది. పట్టరై వాళ్లకు ప్రియ వడ్డిస్తుంటే తను కాస్త నడుం వాలుస్తుంది. అత్త మాటకు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకుంటారు. ఎంత హాయిగా ఉంది ఆ ఊహ! ఆ హాయి ఎవరి చేతులతో కొనుక్కుంటోందో తెలిసి చారులత తురుముపీట మీంచి లేవలేకపోయింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లంతా అలసట కమ్మింది. ఎన్నో ఏళ్ల అలసట ఒక్కసారే వచ్చి మీద కూర్చున్నట్టయింది.

ఆదివారం పొద్దున్నే అత్త వంటింట్లోకి వచ్చింది. "కేసరి సెయ్యి కణ్ణూ. మంచి మాట సెప్పేటప్పుడు నోరు తీపి సేసుకోవల్ల." చేసింది. జీడిపప్పు కూడా వేయించి వేసింది. హాల్లో మదన్ పెళ్లికొడుకులా తల దువ్వుకుని కూర్చున్నాడు. అతను చెడ్డవాడేం కాదు. తిన్న కంచం కుర్చీ పక్కన నేలమీద పెట్టాడు, వదిన ఎలాగూ ఇటు వస్తుంది కదా అని. నరేన్ పేపరు మడుస్తూ అన్నాడు, "సిన్న మామ అడిగితే ఎక్కువ లాగొద్దు. బాగుండామని సెప్పు, సాలు. ఎప్పుడూ సెప్పేదే గదా."

ఫోను మోగింది. అత్త తనే తీసి, స్పీకర్ నొక్కి, కేసరి గిన్నె పక్కన బల్లమీద పెట్టింది. అవతల కూడా అందరూ చేరినట్టున్నారు, కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

"లతా, సెప్పమ్మా," అన్నాడు చిన్నాయన. "నేను సుట్టి తిప్పి అడగను. ప్రియాను ఆ ఇంటికి ఇయ్యచ్చునా? బాగుంటాదా అది?"

చారులత ఫోను చేతిలోకి తీసుకుంది. స్పీకర్ ఆపి, లోపలి గదిలోకి పోయి, చెవికి ఆనించుకుని చెప్పొచ్చు. చిన్నాయన మంచివాడు, వింటాడు. విని, అక్కను నొప్పించలేక జాతకం కుదరలేదనో, పిల్ల ఇప్పుడే వద్దంటోందనో ఏదో ఒకటి చెబుతాడు. ఈ ఇల్లు మంచి ఇల్లుగానే ఉంటుంది, వచ్చే ఏడు ఇంకెవరి కూతురినో అడుగుతారు. రేపు పొద్దున మళ్లీ గ్రైండరు కడగాలి. ఫోనును ఉన్నచోటే, ఉన్నట్టే, బల్లమీద పెట్టేసింది.

"సెప్పు కణ్ణూ, సిగ్గేంది?" అత్త గరిటెతో కేసరి తీస్తోంది.

"ఇయ్యొద్దు సిన్నాయనా," అంది చారులత. "ప్రియ మదురై పోనీ. సదువు ముగించుకోనీ. ఈ ఇంటికి మాత్రం పంపొద్దు."

అత్త గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. మదన్ అన్న వైపు చూశాడు. నరేన్ లేచి నిలబడి, "ఏయ్, ఏం మాట్లాడతా ఉండావు?" అన్నాడు. ఫోనులోంచి అమ్మ గొంతు, దగ్గరగా, ఎవరి చేతుల్లోంచో ఫోను లాక్కున్నట్టు వినిపించింది.

"ఏంది లతా? ఏమాయెనమ్మా? నువ్వు బాగుండావు గదా?"

ఆ ప్రశ్నకు ఆమె నోటికి అలవాటైన జవాబు ఒకటుంది. అది ఎప్పటిలాగే పెదవుల దాకా వచ్చింది. ఈసారి ఆమె దాన్నే కొట్టేసింది.

"లేదు మా," అంది. "నేను బాగలేను."